ఇంటిగుట్టు: రోగుల జన్యుసమాచార రక్షణ

మధురవాడ ఒకప్పుడు విశాఖపట్టణమునకు ఉత్తరమున కొండల నడుమనున్న పల్లె. నేడది మహానగరములో భాగము. ఆ కొండలమీద సమాచార సాంకేతిక సంస్థల భవనములు లేచినవి. అక్కడ నిర్మింపదలచిన 300 మెగావాట్ల డేటా సెంటరుకు 2023 మే నెలలో శంకుస్థాపన జరిగినది. విశాఖ ప్రాంతమున అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చించి అంతకంటె పెద్ద కేంద్రమును నెలకొల్పుదుమనియు, సముద్రగర్భమునుండి వచ్చు తంతులను ఇచ్చట ఒడ్డు చేర్తుమనియు 2025 అక్టోబరు 14వ తేదీన గూగుల్ సంస్థ ప్రకటించినది. రైతు ఇంటిముందు ధాన్యమునకు గాదె ఎట్టిదో, సమాచారమునకు డేటా సెంటరు అట్టిది. లోకములోని లెక్కలు, ఉత్తరములు, చిత్రములు, ఆసుపత్రుల రికార్డులు అన్నియు ఇట్టి గాదెలలోనే చేరుచున్నవి.

అట్లు చేరు సమాచారములో ఒక్కదానిని గూర్చి మాత్రము ఈ ప్రసంగమున ముచ్చటింపదలచితిమి. అది రోగి జన్యుసమాచారము. దానిని పరదేశముల కంటబడకుండ కాపాడుకొనవలెనని నేడు అనేక దేశముల ప్రభుత్వములు శాసనములు చేయుచున్నవి. ఒక రోగి రక్తపుబొట్టునకును, దేశరక్షణకును ఏమి సంబంధమని శ్రోతలకు సందేహము కలుగవచ్చును. సందేహము సహజమే. దానికి సమాధానము చెప్పుటయే మా ఉద్దేశము.

మన శరీరములోని దాదాపు ప్రతి కణమునందును డి.ఎన్.ఏ. అను పదార్థము కలదు. నాలుగే అక్షరములతో వ్రాయబడిన గ్రంథముతో దానిని పోల్చవచ్చును. తల్లినుండి ఒక ప్రతి, తండ్రినుండి ఒక ప్రతి మనకు సంక్రమించును. ఒక్కొక్క ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరములుండును. ఏ ఇద్దరి గ్రంథములను పోల్చి చూచినను నూటికి 99.9 వంతులు ఒక్కటిగానే యుండును. మిగిలిన స్వల్పభేదమునందే మన రూపురేఖలలోని తేడాలు, కొన్ని వ్యాధులకు లోనగు స్వభావము, కొన్ని మందులు పడుట, పడకపోవుట ఇమిడియున్నవి. ఈ గ్రంథమును తొలిసారి చదువుటకు 1990లో ఆరంభమైన అంతర్జాతీయ పథకమునకు 2003 వరకు పట్టినది. నేడు ఒక మనిషి గ్రంథమును చదువుటకు కొద్ది రోజులు చాలును.

అందువలననే ఈ పరీక్షలు పెద్ద పరిశోధనశాలలు విడిచి సామాన్యుని వైద్యములోనికి వచ్చినవి. రొమ్ము క్యాన్సరు సోకిన స్త్రీకి అది వంశమున వచ్చినదా, కాదా యని చూతురు. గర్భిణి చేతినుండి కొంచెము రక్తము తీసి, కడుపులోని శిశువునకు క్రోమోసోముల లోపమున్నదేమో చూతురు. ఏ వ్యాధియో తెలియక ఆసుపత్రుల చుట్టు తిరుగు బిడ్డకు జన్యుపరీక్షవలననే వ్యాధి పేరు తెలియుట కలదు. రోగి చేతికి వచ్చునది రెండు మూడు పుటల నివేదిక. దానిని సిద్ధము చేయుటకు చదివిన అక్షరములు, మిగిలిన రక్తము, రోగి పేరు, వయస్సు, ఊరు, ఫోను సంఖ్య ప్రయోగశాలలోనే నిలిచిపోవును. ఆ ప్రయోగశాల విశాఖలోనే యుండవచ్చును, హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, సముద్రములకావలనో యుండవచ్చును. ఆ సంగతి పరీక్షకు డబ్బు కట్టిన ఇంటివారు అడుగుట అరుదు, చెప్పువారును అరుదు.

పట్టణములలోనే కాదు, మన ఏజెన్సీలోను ఈ పని సాగుచున్నది. సికిల్ సెల్ అను రక్తవ్యాధి పాడేరు, అరకు ప్రాంతముల గిరిజన కుటుంబములను పీడించుచున్నది. గుండ్రముగా నుండవలసిన ఎర్రకణములు కొడవలివలె వంగిపోవును, రక్తనాళములలో అడ్డుపడును, భరింపరాని నొప్పులు కలిగించును. ఇది జన్యులోపమువలన వచ్చునది. భారతదేశమున ఈ లోపమును 1952లో నీలగిరి కొండలలో మొదట గుర్తించిరి. 2047 నాటికి ఈ వ్యాధిని నిర్మూలింపవలెనని 2023 జులై 1వ తేదీన కేంద్రప్రభుత్వము జాతీయోద్యమము నారంభించినది. మన రాష్ట్రముతో సహా 17 రాష్ట్రములలో 40 ఏండ్లలోపు వయస్సుగల 7 కోట్లమందిని పరీక్షింపవలెనని లక్ష్యము. పరీక్షింపబడిన ప్రతివారికిని కార్డు ఈయబడును. ఇద్దరు వాహకులు వివాహమాడినచో ప్రతి కానుపునను బిడ్డకు వ్యాధి కలుగుటకు నాలుగింట ఒక వంతు అవకాశమున్నదని ఆ కార్డు చూపి వివరింతురు. ఇది ప్రాణములు నిలుపు పని. అయినను ఆ పట్టికలో నున్నది జన్యుసమాచారమే యని మరువరాదు.

తక్కిన సమాచారమునకును దీనికిని రెండు భేదములు కలవు. మొదటిది, ఇది మార్చుకొన వీలులేనిది. బ్యాంకు రహస్యసంఖ్య బయటపడినచో మరియొకటి పెట్టుకొందుము. ఫోను సంఖ్య మార్చుకొందుము. జన్యువులను మార్చుకొనలేము. ఒకసారి వెల్లడియైనది జీవితాంతము వెల్లడియైనట్లే. రెండవది, ఇది ఒక్కరి సొత్తు కాదు. తండ్రి జన్యువులలో సగము కుమారునియందు కలవు. తోబుట్టువులలో సగటున సగము, పినతండ్రి బిడ్డలలో సగటున ఎనిమిదవ వంతు సమానము. నేడు మధురవాడలో అనేక కుటుంబములకు అమెరికాలో బిడ్డలున్నారు. అక్కడ కుమారుడు వంశమూలములు తెలిసికొను ఉత్సాహమున చిన్నగొట్టములో ఉమ్మి వేసి ఒక కంపెనీకి పంపినచో, ఇక్కడి తండ్రి గ్రంథములో సగము ఆయనకు తెలియకుండనే ఆ కంపెనీ గాదెను చేరినది.

పేరు తీసివేసి భద్రపరచిన భయము లేదుగదా యని కొందరందురు. మన ఇంటిపేరును గమనింపుడు. అది తండ్రినుండి కుమారునకు వచ్చును. పురుషులలో వై అను క్రోమోసోము కూడ సరిగా ఆ దారినే తండ్రినుండి కుమారునకు వచ్చును. ఈ పోలికనే ఆధారము చేసికొని 2013లో అమెరికాలోని శాస్త్రజ్ఞులు, పేర్లు తీసివేసిన జన్యుసమాచారమును వంశవృక్షముల పట్టికలతో పోల్చి సుమారు 50 మంది ఎవరెవరో కనిపెట్టి చూపిరి. 2018లో కాలిఫోర్నియా పోలీసులు అనేక సంవత్సరములుగా దొరకని హంతకుని ఇట్లే పట్టిరి. అతడు ఏ పరీక్షకును ఉమ్మి ఈయలేదు. అతని దూరబంధువులు ఇచ్చిరి. ఆ దారి హంతకుని పట్టుకొనుటకు మేలయ్యెను. ఇంటిపేరు, ఊరు, గోత్రము ఇంత పదిలముగా నిలుపుకొను మన సమాజమున అదే దారి ఏ నిరపరాధి ఇంటికైనను కొనిపోగలదు.

ఇక జన్యుసమాచారమును పంచుకొనుటవలన కలుగు మేలును గూడ చెప్పుట న్యాయము. తెలుగుదేశముననే దానికి చక్కని ఉదాహరణ కలదు. శస్త్రచికిత్సకు ముందు కండరములు సడలుటకై సక్సినైల్‌కోలిన్ అను మందు ఇత్తురు. సామాన్యముగా కొన్ని నిమిషములలో దాని ప్రభావము తీరిపోవును. ఆర్యవైశ్యులలో కొందరికి మాత్రము అది గంటలతరబడి వదలదు. ఊపిరి తీయు కండరములు పనిచేయక, కృత్రిమశ్వాస అందకున్నచో ప్రాణాపాయము కలుగును. ఆ మందును విరుచు ఎన్‌జైము వారిలో లోపించుటయే దీనికి కారణము. అందుకు మూలమైన జన్యుభేదమును 2006లో కోయంబత్తూరు శాస్త్రజ్ఞులు విదేశీ శాస్త్రజ్ఞులతో కలిసి వెల్లడించిరి. అంతకు తరువాత హైదరాబాదులోని సి.సి.ఎం.బి., అనగా కణ, అణుజీవశాస్త్ర కేంద్రము, అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయముతో కలిసి రెండు గొప్ప పరిశోధనలు ప్రకటించినది. 2009 నాటి మొదటిదానిలో డాక్టరు లాల్‌జీ సింగ్, డాక్టరు తంగరాజ్, డేవిడ్ రైక్ మున్నగువారు 25 సముదాయములకు చెందిన 132 మంది జన్యువులను పరిశీలించి, వైశ్యులవంటి సముదాయములు వేలయేండ్లుగా తమలో తామే వివాహములాడుచున్నవని చూపిరి. 2017 నాటి రెండవదానిలో 260కు పైగా సముదాయములను పరిశీలించి, అట్టి వివాహములవలన కొన్ని వ్యాధులు కొన్ని కులములలోనే పేరుకొనుట సాధ్యమని చెప్పిరి. నేడు ఆర్యవైశ్య కుటుంబమునకు చెందిన రోగి వచ్చినపుడు మత్తువైద్యుడు ఒక్క ప్రశ్న అడిగి, మందు మార్చి, ప్రాణము కాపాడగలడన్నచో అది ఇట్టి పరిశోధనల ఫలము. అందులో విదేశీయుల తోడ్పాటు ఉన్నది. కనుక విదేశమునకు పోయిన ప్రతి సమాచారమును అపహృతమైనదని తలంచుట సరి కాదు.

అయినచో భయమెక్కడ? ఇందులో కల్పితభయములు కొన్ని, నిజమైనవి కొన్ని కలవు. ఒక కులమును, ఒక జాతిని మాత్రమే చంపు ఆయుధమును శత్రువు తయారుచేయునని కథలు చెప్పుదురు. మానవులందరి గ్రంథములు నూటికి 99.9 వంతులు ఒక్కటే యైనపుడు, సముదాయముల నడుమ భేదములు ఒకదానిలో నొకటి కలిసిపోయి యున్నపుడు, అట్టి ఆయుధము ఎంతమాత్రము తేలిక గాదు. ఆ కథలతో శ్రోతలను బెదరింపబోము. నిజమైన భయము ఇంతకంటె సామాన్యమైనది, ఇంతకంటె దగ్గరిది. అది మనుష్యులను గుర్తించుట, వారి బలహీనతలను ఎరుగుట, వాటితో వారిని లొంగదీయుట.

విశాఖ తూర్పు నౌకాదళమునకు ప్రధానస్థానము. ఇక్కడ ఆ భయమునకు ఉదాహరణ వెదుకనక్కరలేదు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసులు, కేంద్ర సంస్థలు, నౌకాదళ గూఢచారి విభాగము కలిసి ‘డాల్ఫిన్స్ నోస్’ అను పేర ఒక చర్య జరిపి, ఏడుగురు నౌకాదళ సిబ్బందిని అరెస్టు చేసినట్లు ప్రకటించిరి. సామాజిక మాధ్యమములలో స్త్రీల పేర పరిచయము చేసికొని, వారిచేత ఓడల రాకపోకల వివరములు పాకిస్తానుకు చేరవేయించిరని ఆరోపణ. అక్కడ జన్యువుల ప్రసక్తి లేదు. కాని పరదేశపు గూఢచారులు ఎట్లు పనిచేయుదురో దానివలన తెలియును. వారు కోటగోడను పగులగొట్టరు. ఒక మనిషి గుట్టును పట్టుకొందురు. బిడ్డకు నయము గాని వ్యాధి యున్నదని, ఖరీదైన మందు కావలెనని, లేదా బంధుత్వమునందు దాచిన సంగతి యొకటి యున్నదని ఎదుటివానికి తెలియుట ఎంతటి ఆయుధమో ఊహింపవచ్చును. అదే 2019 డిసెంబరులో అమెరికా రక్షణశాఖ, ఇంటివద్ద చేసికొను జన్యుపరీక్షలకు దూరముగా నుండుడని తన సైనికులకు సూచన పంపినది. ఇంటిగుట్టు లంకకు చేటని మన పెద్దలు ఊరక అనలేదు.

ఈ గుట్టు ఏయే దారుల బయటికి పోవునో చూతము. మొదటి దారి దొంగతనము. 2022 నవంబరు 23వ తేదీన ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థ కంప్యూటరులపై దాడి జరిగినది. అయిదు సర్వరులు దెబ్బతినినవనియు, సుమారు 1.3 టెరాబైట్ల సమాచారమునకు ఆగంతకులు తాళము వేసిరనియు ప్రభుత్వము పార్లమెంటుకు తెలిపినది. కొన్ని దినములపాటు దేశములో పెద్దదైన ఆ ఆసుపత్రి చీటీలు కాగితముపై చేతితో వ్రాయవలసి వచ్చినది. 2023 అక్టోబరులో అమెరికాలోని ‘23 అండ్ మీ’ అను జన్యుపరీక్షల కంపెనీలో జరిగినది మరింత ఆలోచింపదగినది. దొంగలు నేరుగా ప్రవేశించినది సుమారు 14,000 ఖాతాలలో మాత్రమే. ఇతర స్థలములలో బయటపడిన పాస్‌వర్డులనే ఆ ఖాతాదారులు ఇచటను వాడియుండుటచేత వారికి దారి దొరికినది. కాని ఆ ఖాతాలు బంధువుల ఖాతాలతో ముడిపడి యుండుటవలన 69 లక్షలమంది వివరములు వారి చేతికి చిక్కినవి. వారు ఆ పట్టికలను జాతులవారీగా విడదీసి, యూదులవి, చీనా మూలములవారివి వేరుచేసి అంగడిలో పెట్టిరి. జాతిని బట్టి మనుష్యుల పట్టిక అమ్మకమునకు వచ్చుట ఎంత ప్రమాదమో, యూదుల చరిత్ర ఎరిగినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

రెండవ దారి చేతులు మారుట. అదే కంపెనీ 2025 మార్చిలో దివాలా పిటిషను దాఖలు చేసినది. సుమారు 1 కోటి 50 లక్షలమంది జన్యుసమాచారము కంపెనీ ఆస్తులలో ఒక ఆస్తిగా వేలమునకు వచ్చినది. చివరకు కంపెనీ స్థాపకురాలు నెలకొల్పిన ధర్మసంస్థయే 30 కోట్ల 50 లక్షల డాలర్లకు కొన్నది. మరియొకరు కొనియుండవచ్చును గదా! ప్రయోగశాల నేడు మనకు నమ్మకస్థునిది కావచ్చును. రేపు దానిని ఎవరు కొందురో పరీక్షకు రక్తమిచ్చిన రోగి ఎరుగడు.

మూడవ దారి చేవ్రాలు. ఇది అన్నిటికంటె నిశ్శబ్దమైనది. 2021 జులైలో రాయిటర్స్ వార్తాసంస్థ ఒక పరిశోధనాకథనము వెలువరించినది. చీనాకు చెందిన బి.జి.ఐ. అను కంపెనీ గర్భిణులకు చేయు పరీక్షను 50కి పైగా దేశములలో అమ్మినదనియు, 80 లక్షలకు పైగా స్త్రీలు దానిని చేయించుకొనిరనియు, ఆ పరీక్షను రూపొందించుటలోను మెరుగుపరచుటలోను కంపెనీ చీనా సైన్యముతో కలిసి పనిచేసినదనియు ఆ కథనము. కంపెనీ తన పరీక్షను తానే రూపొందించితినని, సమాచారమును సైన్యమునకు ఈయలేదని చెప్పినది. ఆ వివాదము ఎట్లున్నను మనము గమనింపవలసినది వేరొకటి కలదు. ఆ స్త్రీలలో ఎవరి సమాచారమును ఎవరును దొంగిలింపలేదు. వారు సమ్మతి పత్రముపై సంతకము చేసియే ఇచ్చిరి. సమ్మతి పత్రము ఎంత తేలికగా కాగితముగా మారిపోవునో తెలుగువారికి తెలియనిది కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో వేలమంది బాలికలకు ఒక విదేశీ స్వచ్ఛందసంస్థ ప్రయోగపథకము క్రింద గర్భాశయద్వార క్యాన్సరు టీకా వేసిరి. తల్లిదండ్రులు చేయవలసిన సంతకము అనేక చోట్ల హాస్టలు వార్డెనులు చేసిరని పార్లమెంటు స్థాయీసంఘము 2013లో తప్పుపట్టినది. అక్కడ జన్యుపరీక్ష లేకపోయినను పాఠము ఒక్కటే. అడిగి తెలిసికొనని సమ్మతి సమ్మతి కాదు.

ఈ మూడు దారులలో దేనియందును శత్రువు సరిహద్దు దాటి రాలేదు. బలహీనమైన పాస్‌వర్డు, అమ్ముడుపోయిన కంపెనీ, చదువని కాగితము, ఇవియే తలుపులు. అవి మనవైపునుండియే తెరచియుండును. పరదేశపు భయమన్నది చాలవరకు మన ఇంటి అజాగ్రత్తకు మరియొక పేరు.

ఇతర దేశములు ఏమి చేయుచున్నవి? విదేశసంస్థలు తన ప్రజల జన్యుపదార్థమును సేకరింపరాదని చీనా 2019 జులై 1 నుండి అమలైన నిబంధనలలో నిషేధించినది. అమెరికా అధ్యక్షుడు 2024 ఫిబ్రవరి 28న ఇచ్చిన ఉత్తర్వు ననుసరించి, 2025 ఏప్రిల్ 8 నుండి ఒక నియమము అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము 100 మందికి మించిన అమెరికనుల జీనోము సమాచారము చీనా, రష్యా, ఇరాను, ఉత్తరకొరియా, క్యూబా, వెనిజువెలా చేతులలోనికి పోవు వ్యాపారము నిషిద్ధము. మన దేశమున వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టము 2023 ఆగస్టులో ఆమోదము పొందినది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. ముఖ్యబాధ్యతలను పాటించుటకు సంస్థలకు 18 నెలల గడువు ఈయబడినది. కాపుదలలో లోపము జరిగినచో 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. ఏ దేశమునకు సమాచారము పంపరాదో కేంద్రప్రభుత్వము ప్రకటింపవచ్చును, ప్రకటింపనంతవరకు పంపుటకు ఈ చట్టమున అడ్డు లేదు. 2019 నాటి పూర్వపు బిల్లులో జన్యుసమాచారమును ప్రత్యేకించి సున్నితమైనదని పేర్కొనిరి. 2023 చట్టములో ఆ విభజన లేదు. ఇంటి చిరునామాకును, జన్యువులకును చట్టము దృష్టిలో ఒకటే తక్కెడ. ఈ లోపము సరిదిద్దదగినదని మా మనవి.

మన దేశములోనే ఒక మంచి మాదిరి కూడ కలదు. 2020లో ఆరంభమైన జీనోమ్ ఇండియా పథకమున 20 సంస్థలు కలిసి, నానా సముదాయములనుండి 10,000 మంది జన్యుగ్రంథములను చదివినవి. హైదరాబాదు సి.సి.ఎం.బి. అందులో నొకటి. ఆ సమాచారము ఫరీదాబాదులోని భారత జీవసమాచార కేంద్రమున భద్రపరచబడినది. 2025 జనవరి 9న దానిని పరిశోధకుల ఉపయోగమునకు తెరచిరి. తెరచుట యనగా వీధిలో పోయుట గాదు. కావలసినవారు తామెవరో, ఏ పనికో చెప్పి, దరఖాస్తు చేసి, షరతులకు లోబడి పొందవలెను. గ్రంథాలయములో అరుదైన తాళపత్రమును చూపు పద్ధతియే ఇది. గదికి తాళమున్నది, తెరచు మనిషి యున్నాడు, ఎవరు చూచిరో పద్దు పుస్తకమున్నది.

మధురవాడ కొండమీది గాదెలకును ఇదియే ఒరపిడిరాయి. సమాచారము మన నేలమీదనే యున్నది, ఇక భయము లేదని కొందరు తలంతురు. గాదె మన పెరటిలో నున్నను తాళపుచెవి ఎవరి మొలలో నున్నదో చూచుకొనవలెను. 2018లో అమెరికా చేసిన క్లౌడ్ చట్టము ప్రకారము, అమెరికా కంపెనీ అధీనములోని సమాచారము ఏ దేశములో నున్నను, అచటి న్యాయస్థానపు ఉత్తర్వుపై దానిని అప్పగింపుమని కోరవచ్చును. అందుచేత ఆసుపత్రి తన రికార్డులను ఎవరి గాదెలోనైనను దాచుకొనవచ్చును గాని, వాటిని చదువరాని లిపిలోనికి మార్చి, ఆ లిపి విప్పు తాళపుచెవిని తనవద్దనే యుంచుకొనవలెను. అప్పుడు గాదె యజమాని ఎవరైనను, అతనిని అడుగువారెవరైనను, చేతికి దొరకునది అర్థముకాని అంకెల రాశి మాత్రమే.

ఆసుపత్రులకు మా విన్నపము మరికొన్ని మాటలలో చెప్పుదుము. రక్తము పంపు ప్రయోగశాలతో చేసికొను ఒప్పందములో, పరీక్ష ముగిసిన పిదప రక్తమును, సమాచారమును ఎంతకాలము ఉంచుదురో, ఎప్పుడు నశింపజేయుదురో వ్రాయించుడు. కంపెనీ చేతులు మారినచో మీ అనుమతి లేక రికార్డులు మారరాదని వ్రాయించుడు. ప్రయోగశాలకు రోగి పేరు, ఫోను సంఖ్య అవసరము లేదు, ఒక గుర్తుసంఖ్య చాలును. పేర్ల పట్టిక ఆసుపత్రియందే యుండవలెను. ఒక్క పాస్‌వర్డుతో పదిమంది గుమాస్తాలు పనిచేయు అలవాటును మానిపింపుడు. సమ్మతి పత్రము తెలుగులో నుండవలెను. వైద్యమునకు సమ్మతి వేరు, పరిశోధనకు సమ్మతి వేరు, విదేశమునకు పంపుటకు సమ్మతి వేరు. మూడింటికి మూడు సంతకములుండవలెను. రెండవదానికి, మూడవదానికి కాదన్న రోగికి మొదటిదానిలో లోపము జరుగరాదు.

ఇంటివారు చేయదగినది ఇంకను తేలిక. జన్యుపరీక్ష వ్రాసినపుడు మూడు ప్రశ్నలు అడుగుడు. ఈ రక్తము ఎక్కడికి పోవును? ఫలితము వచ్చిన తరువాత మిగిలినదానిని ఏమి చేయుదురు? మా పేరు ఎవరెవరికి తెలియును? ప్రశ్నించుట అవమానించుట కాదు. మంచి వైద్యుడు వీటికి సంతోషముగా సమాధానము చెప్పును, తెలియనిచో కనుగొని చెప్పును. నివేదికను వాట్సాపు బృందములలో పంపకుడు. పెండ్లి సంబంధములు చూచువారి చేతికి ఈయకుడు. విదేశములలోని పిల్లలు వినోదమునకై ఇట్టి పరీక్షలు చేయించుకొనదలచినచో, అది వారి ఒక్కరి సంగతి కాదని, అమ్మను, నాన్నను, అక్కచెల్లెండ్రను అడిగి చేయదగినదని చెప్పుడు. నౌకాదళములో, ఓడరేవులో, ఉక్కు కర్మాగారములో బాధ్యతగల పదవులలో నున్నవారి కుటుంబములు ఈ విషయమున మరికొంత శ్రద్ధ వహింపవలెను.

ఇంత చెప్పిన పిమ్మట ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఈ మాటలు విని ఎవ్వరును పరీక్ష మానుకొనరాదు. పాడేరు కొండలలో బిడ్డ కీళ్ళనొప్పులతో ఏడ్చుచున్నపుడు, ఆ తల్లికి పరదేశపు గూఢచారికంటె సికిల్ సెల్ వ్యాధియే పెద్ద శత్రువు. ఆమె భయపడి రక్తమీయనన్నచో ఆ బిడ్డకు మందు అందదు. క్యాన్సరు సోకిన స్త్రీ పరీక్ష మానుకొన్నచో ఆమెకు పనిచేయు మందేదో తెలియదు. ఆర్యవైశ్యుల జన్యుభేదమును కనుగొనకపోయినచో శస్త్రచికిత్స బల్లమీద ప్రాణములు పోయెడివి. కాపుదల లేనిచో నమ్మకము పోవును. నమ్మకము పోయినచో రోగి రాడు. రోగి రానిచో వైద్యమును లేదు, శాస్త్రమును లేదు. పరదేశపు దొంగవలన కలుగు నష్టములలో ఇది అన్నిటికంటె పెద్దది. దీనిని తప్పించు పని సరిహద్దునందలి సైనికునిది కాదు. ఆసుపత్రి కిటికీవద్ద కూర్చున్న గుమాస్తాది, ప్రయోగశాల యజమానిది, శాసనకర్తది, సంతకము చేయుటకు ముందు కాగితము చదివి వినిపించుమని అడుగు ప్రతి గృహస్థుది.